ముప్పై ఎనిమిది అడుగుల కాలువ: కల్లూరు వార్డుల అభ్యర్థులకు బహిరంగ లేఖ

కర్నూలు నగరపాలక సంస్థకు జరిగే ఎన్నికల్లో కల్లూరు వైపు వార్డుల నుంచి కార్పొరేటర్లుగా నిలబడాలనుకుంటున్న పెద్దలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

మీలో కొందరికి పార్టీ టికెట్టు ఈపాటికే ఖాయమై ఉండవచ్చు. కొందరు ఇంకా నాయకుల ఇళ్ల ముందు పడిగాపులు కాస్తూ ఉండవచ్చు. ఒకరిద్దరు స్వతంత్రులుగా దిగడానికి ధైర్యం కూడగట్టుకుంటూ ఉండవచ్చు. ఎవరు ఏ జెండా కింద వస్తారన్నది ఈ లేఖకు అవసరం లేని సంగతి. ఎమ్మెల్యే గారికో, ఎంపీ గారికో, కలెక్టరు గారికో రాయవలసిన ఉత్తరం ఇంకా గెలవని మీకెందుకు రాస్తున్నానని అడుగుతారేమో. అది చెప్పడానికే ఈ లేఖలో సగం పడుతుంది, కాస్త ఓపిక పట్టండి.

నేను లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. పుట్టి పెరిగింది పాతబస్తీలో, హంద్రీ నదికి కూతవేటు దూరంలో. 2009 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, ఇటు హంద్రీ, అటు తుంగభద్ర పొంగి, దిగువన శ్రీశైలం జలాశయంలో నీరు పూర్తి మట్టమైన 885 అడుగులను దాటి వెనక్కి తన్నినప్పుడు, కర్నూలు సగం నీళ్లలో ఎలా మునిగిందో మీకు నేను చెప్పనక్కర లేదు. మేము రెండు రాత్రులు మిద్దె మీద గడిపాము. నీళ్లు దిగిపోయాక ఇంట్లో గోడల మీద మిగిలిన బురద గీత మా ఇంటావిడ భుజానికి పైనే ఉంది. ఆ గీతను కడగడానికి ముందే ఆమె అన్న మాట, "ఇంక మెట్టకు పోదాం" అని. ఆ మాట ఆ నెలలో కర్నూలులో కొన్ని వేల ఇళ్లలో వినిపించి ఉంటుంది. అలా నంద్యాల రోడ్డు వైపు నాలుగు సెంట్ల స్థలం కొని, ఇల్లు కట్టుకుని, కల్లూరు మనుషులమైపోయాము.

మా కాలనీ పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు రాస్తే ఇది ఒక్క కాలనీ గొడవ అయిపోతుంది. నేను చెప్పబోయేది నంద్యాల చెక్‌పోస్టు దాటిన తర్వాత కుడికి తిరిగినా ఎడమకు తిరిగినా కనిపించేదే.

ఇప్పుడు మా ఓట్ల సంగతి చూడండి. మా ఇంటి పన్ను కర్నూలు నగరపాలక సంస్థకు కడతాము. మా తహసీల్దారు కల్లూరు మండలానికి, కలెక్టరు కర్నూలు జిల్లాకు. అయితే శాసనసభ ఎన్నికలు వచ్చేసరికి మేము పాణ్యం నియోజకవర్గం వాళ్లం. 2008 నియోజకవర్గాల పునర్విభజన ప్రకారం కల్లూరు, ఓర్వకల్లు, పాణ్యం, గడివేముల మండలాలు కలిపి ఒక నియోజకవర్గం అయ్యాయి. పాణ్యం ఊరు మా గుమ్మం నుంచి యాభై కిలోమీటర్ల పైనే ఉంటుంది. నన్నూరు, ఓర్వకల్లు, హుసేనాపురం, తమ్మరాజుపల్లె అన్నీ దాటితే గాని రాదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక ఆ పాణ్యం, గడివేముల రెండూ నంద్యాల జిల్లాకు పోయాయి. కల్లూరు, ఓర్వకల్లు కర్నూలు జిల్లాలోనే మిగిలాయి. అంటే మా ఎమ్మెల్యే గారు ఎవరైనా సరే, ఇద్దరు కలెక్టర్ల మధ్య తిరగాలి. పార్లమెంటుకు వస్తే మేము నంద్యాల ఓటర్లం. ఆళ్లగడ్డ, శ్రీశైలం, నందికొట్కూరు, బనగానపల్లె, డోన్, నంద్యాలలతో కలిపి మాకు ఒక ఎంపీ. హంద్రీకి అవతల ఉన్న మా తమ్ముడు కర్నూలు ఎంపీకి ఓటేస్తాడు, ఇవతల ఉన్న నేను నంద్యాల ఎంపీకి వేస్తాను. ఇద్దరం ఒకే కార్పొరేషన్‌కు పన్ను కడతాము.

నగరపాలక సంస్థలో 52 వార్డులు ఉంటే, వాటిలో 33 కర్నూలు నియోజకవర్గానికి, 16 కల్లూరు అర్బన్ పేరిట పాణ్యానికి, 3 కోడుమూరుకు చెందుతాయి. ఒక నగరం, ముగ్గురు ఎమ్మెల్యేలు, ఇద్దరు ఎంపీలు. మామూలుగా అయితే ఇంతమంది ఉండడం మేలే కావాలి. మా అనుభవంలో మాత్రం ఇద్దరు పెద్దకోడళ్లున్న ఇంట్లో పొయ్యి వెలగనట్టు అయింది. కర్నూలు ఎమ్మెల్యేకు మేము ఓటర్లం కాము. పాణ్యం ఎమ్మెల్యేకు మేము ఓటర్లమే, అయితే ఆ నియోజకవర్గంలో విమానాశ్రయం ఉంది, గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉంది, ఓర్వకల్లు పారిశ్రామికవాడ ఉంది, తాగునీటికి వాచిపోయే పల్లెలు ఉన్నాయి; వాటన్నిటి మధ్య మా వీధి కాలువ ఏపాటిది? ఇది ఏ ఒక్క నాయకుడి తప్పని నేను అనడం లేదు. పటం మీద గీతలు గీసినవాళ్లు జనాభా లెక్క చూశారు గాని, ఎవరి నీళ్లు ఎటు పారతాయో చూడలేదు.

అందువల్ల నేను తేల్చుకున్నది ఇది: మా బతుకు హద్దులు, ప్రతినిధి హద్దులు ఒకటిగా కలిసే చోటు వార్డు ఒక్కటే. కార్పొరేటర్ ఒక్కరే మా రోడ్డు మీద నడిచే మనిషి. ఈ ఉత్తరం మీకు రాయడానికి కారణం అదే.

అయితే ఆ కార్పొరేటర్ కూడా మాకు చాలాకాలం లేడు. 2005లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2010లో తీరింది. ఆ తర్వాత మళ్లీ కర్నూలులో నగరపాలక ఎన్నికలు జరిగింది 2021 మార్చి 10న. 2014లో రాష్ట్రంలో చాలా ఊళ్లకు మునిసిపల్ ఎన్నికలు జరిగినప్పుడు కూడా మనకు జరగలేదు. రాజ్యాంగం 243-యు అధికరణం పాలకవర్గం గడువు ఐదేళ్లని, ఆ గడువు తీరేలోపే కొత్త ఎన్నిక పూర్తి కావాలని చెబుతుంది. ఆ అధికరణాన్ని తెచ్చిన 74వ సవరణ అమలులోకి వచ్చింది 1993లో. మన ఊళ్లో పదేళ్లకు పైగా ప్రత్యేకాధికారులే కౌన్సిల్ పని చూశారు. మన కల్లూరు మండలంలోని పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య గారు 1960లోనే రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. ముఖ్యమంత్రిని ఇచ్చిన మండలానికి కార్పొరేటర్‌ను ఎన్నుకోవడానికి పదేళ్లు ఆగవలసి రావడం వింతే.

ఆ పదేళ్లు మామూలు పదేళ్లు కావు. సరిగ్గా అప్పుడే, వరద భయంతో వచ్చినవాళ్లు, పిల్లల చదువుల కోసం పల్లెల నుంచి వచ్చినవాళ్లు, అరబ్బు దేశాల్లో, బెంగళూరులో సంపాదించి ఒక స్థలం కొనిపెట్టుకుందామనుకున్నవాళ్లు అందరూ ఇటువైపే వచ్చారు. శనగ, జొన్న, ఉల్లి పండిన చేలలో రాళ్లు పాతి, ఎర్రమట్టి రోడ్లు వేసి, రంగురంగుల తోరణాలు కట్టి వెంచర్లు వెలిశాయి. ఊరు ఇంత వేగంగా పెరుగుతున్నప్పుడు, ఫలానా వీధి ఎంత వెడల్పు ఉండాలి, వాననీళ్లు ఎటు పోవాలి, పిల్లలు ఎక్కడ ఆడుకోవాలి అని సభలో లేచి అడిగే మనిషి లేడు. అధికారులు నిబంధనలు చూడగలరు. "మా వీధిలో నీళ్లు నిలుస్తున్నాయి, దీని సంగతి తేల్చేవరకు కూర్చోను" అని పట్టుబట్టడం వాళ్ల పని కాదు, అది ఓటు వేయించుకున్నవాళ్ల పని.

ఇక మా కాలువ కథ చెబుతాను. పెద్ద పెద్ద సమస్యలుండగా ఇదేమిటని విసుక్కోకండి; నాకు తెలిసిన రాజకీయమంతా ఈ కాలువలోనే ఉంది.

మా వీధికి కొన్నేళ్ల కిందట సిమెంటు కాలువ కట్టారు. రెండడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు, వాలు కూడా సరిగానే ఇచ్చారు. నేను నీళ్లు పోసి చూశాను. ఆ కాలువ మా వీధి చివరి దాకా చక్కగా వెళ్లి, అక్కడ ఒక కంపచెట్టు ముందు ఆగిపోతుంది. చివర అడ్డంగా నాలుగు వరసల ఇటుకలు పేర్చి వదిలేశారు. ఆ ఇటుకల నుంచి పెద్ద రోడ్డు కింద ఉన్న కల్వర్టు వరకు నేను టేపు పట్టి కొలిచాను: ముప్పై ఎనిమిది అడుగులు. ఆ ముప్పై ఎనిమిది అడుగుల మేర ఒక ఖాళీ ప్లాటు ఉంది. మా వెంచరు వేసినప్పటి మొదటి ప్లానులో అక్కడ ముప్పై అడుగుల రోడ్డు గీసి ఉంది. తర్వాత మార్చిన ప్లానులో అదే చోట ప్లాటు ఉంది. మొదటి ప్లాను చూసి స్థలం కొన్నవాళ్లం మేము. రెండో ప్లాను చూసి కొన్నాయన వేరే ఊళ్లో ఉంటారు, పాపం ఆయనా డబ్బు పెట్టి కొన్నవాడే. రెండు ప్లాన్లూ గీయించిన మనిషి ఇప్పుడు మరోచోట వెంచర్లు వేసుకుంటున్నాడు.

ఈ ముప్పై ఎనిమిది అడుగుల కోసం నేను, మా కాలనీ పెద్దలు ఇద్దరు, కాగితాలు చంకన పెట్టుకుని తిరిగాము. ఒకచోట, ఆ ప్లాటు వార్డు హద్దుకు అవతల పడుతుంది కాబట్టి మా అంచనాలోకి రాదన్నారు. ఇంకోచోట, ఆ లేఅవుట్ ఇంకా క్రమబద్ధం కాలేదు కాబట్టి ప్రజాధనం ఖర్చు పెట్టడానికి వీల్లేదన్నారు. మరోచోట, స్థలం యజమాని సమ్మతి పత్రం తెస్తే చూద్దామన్నారు. ఎవరూ మాతో కటువుగా మాట్లాడలేదు, ఒకాయన కుర్చీ వేసి టీ కూడా తెప్పించారు. ముగ్గురూ చెప్పింది నిజమే. ముగ్గురూ నిజమే చెప్పినా కాలువ ఒక్క అడుగు కూడా ముందుకు కదలకపోవడమే నా బాధ.

వానాకాలంలో ఏమవుతుందంటే, కాలువ నీళ్లు కంపచెట్టు దగ్గర నిండి వెనక్కి తిరుగుతాయి. చివరి నాలుగు ఇళ్లవాళ్లు గుమ్మాలకు అడ్డంగా బేతంచెర్ల బండలు నిలబెట్టి, సందుల్లో సిమెంటు మెత్తుతారు. ఆ రోజులన్నీ ముసలివాళ్లు, పిల్లలు ఆ బండల మీద నుంచి కాలు ఎత్తి దాటవలసిందే. వానలు వెనకబట్టాక సుత్తితో కొట్టి వాటిని ఊడదీస్తారు. మళ్లీ ఏడాదికి మళ్లీ అదే. ఒకసారి మేమే ఇంటికి ఇంత అని వేసుకుని ట్రాక్టర్లతో గరుసు తోలించి రోడ్డు ఎత్తు చేసుకున్నాము. రోడ్డు ఎత్తయింది, నీళ్లు రోడ్డు వదిలి ఇళ్లలోకి పోయాయి. లెక్కల మాస్టారినై ఉండి ఆ మాత్రం ముందుగా లెక్క కట్టుకోలేకపోయినందుకు నాకిప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. ఆ తర్వాత ఆ గరుసు మీద సీసీ రోడ్డు వచ్చింది, కింద ఉన్నదాన్ని తవ్వకుండానే. ఇల్లు కట్టినప్పుడు మా గుమ్మానికి నాలుగు మెట్లుండేవి. ఇప్పుడు రెండున్నర ఉన్నాయి. వరదకు భయపడి మెట్టకు వచ్చినవాళ్లం మేము. ఇల్లు కదలలేదు గాని, రోడ్డే పైకి పెరిగి మమ్మల్ని మళ్లీ పల్లంలోకి దింపింది.

ఈ ఊరికి నీళ్లను నడిపించడం చేతకాక కాదు. పందొమ్మిదో శతాబ్దంలోనే సుంకేసుల నుంచి కడప దాకా మూడు వందల కిలోమీటర్ల కేసీ కాలువ తవ్వి, దాన్ని మన కర్నూలులో హంద్రీ నది పైనుంచి అక్విడెక్టు మీద దాటించారు. ఆ పని చేసిన కంపెనీ లాభాలు రాక దెబ్బతింది, 1882లో ప్రభుత్వం దాన్ని కొనుక్కుంది. అది వేరే కథ. నదిని దాటిన కాలువ ఉన్న ఊళ్లో మా కాలువ ఒక ఖాళీ ప్లాటును దాటలేకపోతోంది.

ఇక ఖాళీ స్థలాల మాట. ఒక లేఅవుట్ వేసినప్పుడు మొత్తం విస్తీర్ణంలో పది శాతం పార్కు కోసమో ఆటస్థలం కోసమో వదిలి, దాన్ని గిఫ్టు డీడు ద్వారా స్థానిక సంస్థకు రిజిస్టరు చేసి ఇవ్వాలని నిబంధన ఉంది. 2017 నాటి లేఅవుట్ నియమాల ప్రకారం రోడ్లు, కాలువలు పూర్తి చేస్తామనడానికి పూచీగా పదిహేను శాతం ప్లాట్లను తనఖా కూడా పెట్టాలి. అనుమతి తీసుకున్న వెంచర్ల సంగతి అది. అనుమతి లేకుండా వేసినవాటికి ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) అని ప్రభుత్వాలు అప్పుడప్పుడూ తలుపు తెరుస్తాయి. 2020లో ఒకసారి తెరిచారు, 2025లో మళ్లీ తెరిచి ఆ ఏడాది జూన్ 30 లోగా రిజిస్టరైన ప్లాట్లకు అవకాశం ఇచ్చారు. తలుపు తెరవడం తప్పని అనను. డబ్బు పెట్టి కొన్నవాడు ఎన్నాళ్లు గాలిలో వేలాడతాడు? అయితే పార్కు వదలని లేఅవుట్‌లో కొన్నందుకు ప్లాటు యజమాని ఖాళీ స్థలం రుసుము కూడా కలిపి కడతాడు. వదలనివాడు వెంచరు వేసినవాడు, కట్టేవాడు కొన్నవాడు. సరే, కట్టాము. ఆ డబ్బు మా వార్డులోనే ఎక్కడో ఒకచోట పావు ఎకరం స్థలం కొనడానికి వాడతారా, లేక ఖజానాలో కలిసిపోతుందా? మా పిల్లలు ఇప్పుడు క్రికెట్ ఆడేది ఎవరో కట్టని ఇంటి పునాదుల మధ్య. ఆ ఇల్లు కట్టిన రోజు ఆట ఆగిపోతుంది.

అనుమతి ఉన్న వెంచర్లలోనూ అంతా బాగుందని కాదు. గిఫ్టు డీడు ఉన్న స్థలం ఎక్కడుందో ఆ కాలనీవాళ్లకే తెలియనిచోట్లు ఉన్నాయి. బోర్డు ఉండదు, కంచె ఉండదు. ముందు అక్కడ ఇసుక కుప్ప పోస్తారు, తర్వాత ఇటుకలు పేరుస్తారు, తర్వాత రేకుల షెడ్డు వస్తుంది, ఆ షెడ్డుకు కరెంటు మీటరు వస్తుంది. మీటరు వచ్చాక ఇంక దాన్ని కదిలించడం బ్రహ్మతరం కాదు.

మీకు ముందుగానే ఒక మనవి. ప్రచారానికి వచ్చినప్పుడు కర్నూలుకు రావలసిన హైకోర్టు బెంచి గురించి మాకు చెప్పవద్దు. కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక నుంచి, 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని కావడం, 1956లో అది హైదరాబాదుకు వెళ్లిపోవడం, 2020లో న్యాయ రాజధాని మాట, 2024 నవంబరులో బెంచి కోసం శాసనసభ చేసిన తీర్మానం వరకు మాకు అన్నీ కంఠస్థమే. అవన్నీ అవసరమైన మాటలే, మన ప్రాంతానికి న్యాయం జరగాలని నేనూ కోరుకునేవాణ్ణే. కాని కార్పొరేటర్ చేతిలో లేని పనిని కార్పొరేటర్ ఎన్నికలో మాట్లాడడమంటే, చేతిలో ఉన్న పనిని గురించి అడగవద్దని అర్థం. పైగా మా వైపు ఆ మాటలు వినిపించినప్పుడల్లా మొదట కదిలేది ప్లాట్ల ధర. 2021 మార్చిలో ఓర్వకల్లు విమానాశ్రయం మొదలైనప్పుడూ అదే జరిగింది, 2024 ఆగస్టులో ఓర్వకల్లుకు పారిశ్రామిక నగరం మంజూరైందన్న వార్త వచ్చినప్పుడూ అదే జరిగింది. ధర పెరిగితే అమ్ముకునేవాడికి లాభం. ఉండిపోయేవాడికి పెరిగేది పన్ను. 2021 నుంచి ఇంటి పన్ను అద్దె విలువను బట్టి కాక ఆస్తి విలువను బట్టి వేస్తున్నారు కదా, ఏడాదికి పదిహేను శాతానికి మించి పెంచకూడదన్న హద్దు ఉన్నా, పెరుగుదల పెరుగుదలే. ఆ పన్ను కట్టడానికి నాకు అభ్యంతరం లేదు. కట్టినదానికి లెక్క అడిగే మనిషి సభలో మాకు కావాలి.

మా తప్పులు కూడా చెప్పకుండా ఉత్తరం ముగిస్తే అది పక్షపాతం అవుతుంది. 2021లో పదేళ్ల తర్వాత ఓటు వచ్చిందంటే మేము ఎగబడి వెళ్లి ఉండాలి. మా వీధిలో సగం తలుపులు ఆ రోజు మధ్యాహ్నం దాకా తెరుచుకోలేదు. వెళ్లినవాళ్లలోనూ అభ్యర్థి ఎవరని కాక, "మనవాడేనా" అని అడిగి వెళ్లినవాళ్లు ఎక్కువ. కవరు వచ్చిందా రాలేదా అని పక్కింటి గోడ మీదుగా విచారించినవాళ్లూ ఉన్నారు, నేను విన్నాను. కాలనీ సంఘం సమావేశం పెడితే పదిహేను మంది వస్తాము, వినాయక చవితి చందాకు మాత్రం అందరూ వస్తారు. చెత్తబండి వచ్చి వెళ్లిన పది నిమిషాలకు ఆ కంపచెట్టు కింద క్యారీ బ్యాగులు పడేది కూడా మా ఇళ్ల నుంచే. 2024లో చెత్త పన్ను ఎత్తేశారన్న సంబరం మాకు ఉంది గాని, చెత్త మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఇప్పుడు మీ నుంచి ఏం ఆశిస్తున్నానో చెబుతాను. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243-ఎస్ అధికరణంలో ఉంది. 2011 జనాభా లెక్కల నాటికే మన నగరం నాలుగు లక్షలు దాటింది. మీరు గెలిస్తే ఆ కమిటీ కూర్చోవాలి, మా కాలనీల మధ్యనే, బడి వరండాలోనో కల్యాణ మండపంలోనో, మూడు నెలలకు ఒకసారైనా. ఆ కూటానికి పాణ్యం ఎమ్మెల్యే గారిని, కర్నూలు ఎమ్మెల్యే గారిని ఒకే రోజున పిలవాలి. ఇద్దరూ నగరపాలక సభలో ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా) సభ్యులే కాబట్టి, వార్డు హద్దుకు ఇవతల ఒకరు, అవతల ఒకరు అనే మాట ఇద్దరి ముందూ ఒకేసారి తేలిపోవాలి. ఇద్దరూ వేర్వేరు పార్టీలవారైతే ఈ పని కష్టమవుతుందని నాకు తెలుసు; ఒకే పార్టీ వారైతే ఇంకా కష్టమని కూడా విన్నాను.

గెలవడానికి ముందే చేయగల పని ఒకటుంది. మీ వార్డులో ప్రతి కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతుందో నడిచి చూసి ఒక పటం గీయండి. దానికి ఇంజినీరు అక్కర లేదు. వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని తిరిగితే నీళ్లే చూపిస్తాయి. అదే కాగితం మీద మీ వార్డులోని లేఅవుట్ల ఖాళీ స్థలాలు, వాటి సర్వే నంబర్లు, గిఫ్టు డీడు ఉందా లేదా అన్నది రాయండి. ఆ కాగితాన్ని కరపత్రంగా అచ్చు వేయిస్తే, మీ ఫొటో, మీ నాయకుడి ఫొటో, ఆయన నాయకుడి ఫొటో కింద కొంచెం చోటు మిగిలినా చాలు, మేము చదువుతాము. సీసీ రోడ్డు వేసేటప్పుడు పాతదాన్ని తవ్వి, పాత ఎత్తులోనే వేయించగలరా అన్న ఒక్క ప్రశ్నకు కూడా జవాబు సిద్ధం చేసుకోండి. అది పెద్ద ఖర్చు కాదు, వినడానికి గొప్పగా ఉండదు, శంకుస్థాపన రాయి కూడా వేయడానికి వీలుండదు. అందుకే ఎవరూ హామీ ఇవ్వరు.

చెల్లెళ్లకు విడిగా ఒక మాట. స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మీవి. మీరు గెలిస్తే మీరే రండి. మీ వారు వస్తే మా వీధిలో కుర్చీ వేస్తాము, టీ ఇస్తాము; అర్జీ మాత్రం మీ చేతికే ఇస్తాము.

మన ఊరికి కందెనవోలు అని పాత పేరు ఉందని, అలంపురం గుడికి రాళ్లు మోసే బండ్ల వాళ్లు నది దాటేముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవారని చిన్నప్పుడు మా నాయన చెప్పేవాడు. దస్త్రాలకు కూడా కందెన పూయందే కదలవనే అపవాదు ఈ పేరు వల్లే వచ్చిందని మా మిత్రుడొకాయన నవ్వుతుంటారు. నేను మటుకు ఇంతవరకు పూయలేదు, పూయను. అందుకే ఆలస్యమవుతోందని ఆయన వాదన.

మీలో ఎవరైనా మా కాలువ చూడదలిస్తే, నంద్యాల చెక్‌పోస్టు దాటి వచ్చి, కంపచెట్టు దగ్గర కాలువ ఆగిపోయిన కాలనీ ఏదని అడగండి. మూడు నాలుగు కాలనీల పేర్లు చెబుతారు. వాటన్నిటికీ వెళ్లండి, నష్టం లేదు. మా వీధికి వచ్చినప్పుడు రెండున్నర మెట్లున్న ఇల్లు నాది. ఉదయం తొమ్మిది దాటాక ఎప్పుడైనా ఇంట్లోనే ఉంటాను. టేపు నా దగ్గరే ఉంది, ఒక కొస నేను పట్టుకుంటాను, రెండో కొస మీరు పట్టుకోవాలి. చెప్పులు మాత్రం పాతవి వేసుకుని రండి.

ఇట్లు,
కల్లూరు వార్డు ఓటరు, రిటైర్డ్ ఉపాధ్యాయుడు